పిల్లల క్లినిక్‌లో టీకాలు మధ్యలో ఆగిపోతున్నాయి: రిసెప్షన్ వాళ్లకి, సిస్టర్లకి ఏం నేర్పాలి?

పల్నాటి_క్లినిక్_ఆఫీసు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలో ఒక పిల్లల క్లినిక్‌లో ఆఫీసు పని చూస్తున్నాను. డాక్టరుగారు ఒక్కరే. రిసెప్షన్‌లో ఇద్దరు అమ్మాయిలు, ఇంజక్షన్ గదిలో ఇద్దరు సిస్టర్లు, మందుల కౌంటర్లో ఒక అబ్బాయి ఉంటారు. నెలన్నర టీకాలకు జనం బాగానే వస్తారు. మూడున్నర నెలలకి కాస్త పలచబడతారు. తొమ్మిది నెలలకి చాలామంది కనబడరు. ఏడాదిన్నర బూస్టర్‌కైతే మరీ తక్కువ. పోనీ సబ్‌సెంటర్లో వేయించుకుంటున్నారేమో అనుకుందామంటే, దగ్గుకో విరేచనాలకో తీసుకొచ్చినప్పుడు కార్డులో గళ్లు ఖాళీగానే ఉంటున్నాయి.

స్టాఫ్‌కి ట్రైనింగ్ పెట్టమని డాక్టరుగారు అన్నారు. ఒక కంపెనీ రెప్ ఆదివారం వచ్చి ప్రొజెక్టర్ మీద రెండు గంటలు క్లాసు చెప్తానంటున్నాడు. దానివల్ల ఉపయోగం ఉంటుందా? ఎవరికి ఏం నేర్పాలి? అసలు మా దగ్గర ఎంత శాతం పిల్లలకి టీకాలు పూర్తవుతున్నాయో ఎలా లెక్కేయాలి? ఫోన్లు చేయిద్దామంటే సగం నంబర్లు పలకవు. అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

సిస్టర్_ట్యూటర్

రెప్‌కి టీ ఇచ్చి పంపించేయండి. ఆయన తన బ్రాండు గురించి చెప్పి వెళ్తాడు. మీ స్టాఫ్‌కి టీకాల గురించి తెలియక పిల్లలు ఆగిపోవడం లేదు. కార్డు ఎవరు చూడాలి, తేదీ ఎవరు రాయాలి, రానివాళ్లకి ఎవరు ఫోన్ చేయాలి అనేది ఎవరి పనీ కాకపోవడం వల్ల ఆగిపోతున్నారు. ట్రైనింగ్ దాని మీద ఉండాలి.

ముందు లెక్క. రెండేళ్లు నిండిన పిల్లల ఫైళ్లు 50 తీయండి. మంచివి ఏరుకోవద్దు, పుట్టిన తేదీల వరసలో వచ్చినవి వచ్చినట్టే తీయాలి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: పెంటా లేదా హెక్సా (అయిదారు జబ్బులకి కలిపి వేసే టీకా) మొదటి డోసు, మూడో డోసు, తొమ్మిది నెలల ఎంఆర్ లేదా ఎంఎంఆర్ (తట్టు టీకా), ఏడాదిన్నర బూస్టర్. మొదటి డోసు 48 మందికి, మూడోది 42 మందికి పడిందనుకోండి. తేడా 6. ఆరుని 48తో భాగించి 100తో గుణిస్తే 12.5 శాతం. ఇదే డ్రాపవుట్ రేటు. 10 శాతం దాటిందంటే లోపం పద్ధతిలో ఉందని లెక్క, తల్లుల్ని అని లాభం లేదు. మూడో డోసు నుంచి తొమ్మిది నెలలకి ఎంత రాలిపోయిందో ఇలాగే విడిగా చూడండి. మీరు చెప్పినదాన్ని బట్టి అసలు గండి అక్కడే ఉంటుంది.

అవే ఫైళ్లలో ఇంకొకటి చూడాలి. టీకా బాకీ ఉన్న రోజుల్లో ఆ బిడ్డ వేరే పని మీద మీ క్లినిక్‌కి వచ్చి, టీకా లేకుండా వెళ్లిపోయిన సందర్భాలు ఉన్నాయా? ఉంటే ఎర్ర చుక్క పెట్టండి. గడప దాకా వచ్చిన బిడ్డని వదిలేసిన కేసులివి. ఫోన్ చేయక్కర్లేదు, ఊళ్లో తిరగక్కర్లేదు, ఖర్చు లేదు. శిక్షణతో అన్నిటికంటే తొందరగా తగ్గేవి ఈ ఎర్ర చుక్కలే.

ఇక రిసెప్షన్ అమ్మాయిలు. వాళ్లకి టీకాల పేర్లన్నీ రానక్కర్లేదు. నాలుగు పనులు తప్పకుండా రావాలి.

బిడ్డ ఎందుకొచ్చినా సరే, టోకెన్ ఇచ్చేముందు కార్డు చేతిలోకి తీసుకోవాలి. “కార్డు తెచ్చారా?” అంటే “లేదండీ” అనేస్తారు. “కార్డు ఇవ్వండమ్మా” అంటే సంచీలోంచి తీస్తారు. నిజంగా తేకపోతే ఇంట్లో ఉన్నవాళ్లచేత ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకోవాలి. వచ్చిన ప్రతి కార్డునీ ఒకసారి ఫొటో తీసి ఫైల్లో పెట్టుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది. “తర్వాత రావలసిన తేదీ” దాటిపోయినా, ఈ రోజే అయినా ఫైలుకి ఎర్ర క్లిప్పు పెట్టాలి. ఏ టీకా వేయాలో ఆమె తేల్చక్కర్లేదు. క్లిప్పు చూసి సిస్టర్, డాక్టరుగారు తేలుస్తారు.

రెండోది పేరు. పురిట్లో కార్డు మీద “బేబీ ఆఫ్ లక్ష్మి” అని రాస్తారు. బారసాల అయ్యాక బిడ్డ పేరుతో కొత్త ఫైలు తెరుస్తారు. ఒకే బిడ్డకి రెండు ఫైళ్లు, రెండింట్లోనూ సగం సగం టీకాలు. అందుకే వెతకడం ఎప్పుడూ తల్లి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఈ మూడింటితో చేయాలి. ఫైలు కొత్తది తెరిచేముందు పాతది లేదని చూసుకోవాలి.

మూడోది ఫోన్ నంబరు. మీ నంబర్లు పలకకపోవడానికి కారణం ఇక్కడుంది. కాన్పు పుట్టింట్లో అవుతుంది, నంబరు అమ్మమ్మగారిదో మేనమామదో ఇస్తారు. మూడో నెలో అయిదో నెలో రాగానే తల్లీబిడ్డా అత్తారింటికి వెళ్లిపోతారు. మూడున్నర నెలల టీకాకీ తొమ్మిది నెలల టీకాకీ మధ్య అయిదున్నర నెలల ఖాళీ సరిగ్గా ఈ మకాం మారే సమయంలోనే పడుతుంది. కాబట్టి మొదటిసారే రెండు నంబర్లు తీసుకోవాలి, ఒకటి పుట్టింటిది, ఒకటి బిడ్డ తండ్రిది. అత్తారి ఊరి పేరు కూడా రాసుకోవాలి. ప్రతి రాకకీ “ఇదే నంబరేనా అమ్మా?” అని అడగాలి.

నాలుగోది: జలుబుగా ఉందనో ఒళ్లు వెచ్చగా ఉందనో రిసెప్షన్ నుంచే వెనక్కి పంపే అధికారం వాళ్లకి లేదు. “తగ్గాక రండి” అనే మాట కౌంటర్లో వినపడకూడదు. వద్దనాల్సి వస్తే డాక్టరుగారే అనాలి.

సిస్టర్ల దగ్గర మొదట సరిచేయాల్సింది తప్పుడు అడ్డంకులు. దగ్గు, జలుబు, కొద్దిపాటి జ్వరం, మామూలు విరేచనాలు, యాంటీబయాటిక్ వాడుతుండడం, బరువు తక్కువ ఉండడం, నెలలు నిండకుండా పుట్టడం, ఇంట్లో ఎవరికో ఫిట్స్ ఉండడం, ఇవేవీ టీకా ఆపడానికి కారణాలు కావు. ఇంతకుముందు అదే టీకాకి తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉంటే ఆపాలి. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న పిల్లలకి బతికున్న క్రిములతో చేసిన టీకాలు ఆపాలి. ఇంతకుముందు పేగు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటే రోటా (రోటావైరస్ విరేచనాల టీకా) ఆపాలి. బిడ్డ ఆసుపత్రిలో చేర్చేంత జబ్బుతో ఉంటే వాయిదా వేయాలి. ఈ చివరి నాలుగూ గోడ మీద అంటించండి.

తర్వాత, ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలనే అపోహ. ఎంత ఆలస్యమైనా వేసిన డోసు వేసినట్టే, ఆగినచోట నుంచి కొనసాగించాలి. పెంటా డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉంటే చాలు. ఏడాది దాటేదాకా ఒక్క పెంటా కూడా పడని బిడ్డకి మాత్రం ప్రభుత్వ పట్టికలో పెంటా బదులు డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం టీకా) మొదలుపెడతారు.

దీన్ని నేర్పడానికి ఉపన్యాసం పనికిరాదు, కార్డు పరీక్ష పెట్టండి. ఒక నమూనా ఇస్తున్నా. బిడ్డ వయసు 11 నెలలు. పుట్టినప్పుడు బీసీజీ, పోలియో, హెపటైటిస్-బి పడ్డాయి. ఏడో వారంలో పెంటా-1, పోలియో చుక్కలు-1, రోటా-1, ఎఫ్‌ఐపీవీ-1 (పోలియో సూదిమందు), పీసీవీ-1 (నిమోనియా టీకా). అయిదో నెలలో పెంటా-2, చుక్కలు-2, రోటా-2. తర్వాత ఏమీ లేదు. ఈ రోజు దగ్గుకి వచ్చాడు. ఏం వేయాలి?

ప్రభుత్వ పట్టిక ప్రకారం జవాబు: పెంటా-3, చుక్కలు-3, రోటా-3, ఎఫ్‌ఐపీవీ-2, పీసీవీ-2, ఎంఆర్-1, విటమిన్-ఎ ఒక మిల్లీలీటరు అంటే లక్ష యూనిట్లు. జేఈ (మెదడువాపు టీకా) వేసే జిల్లా అయితే అదీ. అన్నీ ఒకే రోజు. 8 వారాలకి పీసీవీ బూస్టర్‌కి తేదీ రాయాలి. చాలామంది సిస్టర్లు “ఇన్ని సూదులా, పాపం” అని రెండు వేసి మిగతావి వచ్చే వారం అంటారు. ఆ వచ్చే వారం రాదు. పెంటా ఎడమ తొడకి, పీసీవీ కుడి తొడకి, ఎంఆర్ చేతికి చర్మం కింద 0.5 మి.లీ., ఎఫ్‌ఐపీవీ చేతికి చర్మంలోకి 0.1 మి.లీ. ఒకే చేతికి రెండు పడితే కనీసం 2.5 సెం.మీ. ఎడం ఉండాలి. పసిపిల్లలకి పిరుదు మీద వేయడం ఇంకా ఎక్కడైనా చేస్తుంటే వెంటనే మాన్పించండి.

ఇలాంటి కార్డులు పది తయారుచేసి, వారానికి రెండు చొప్పున వాళ్లచేత చేయించండి.

తేదీలు రాయడంలోనూ తప్పులు జరుగుతాయి. 6 వారాలంటే 42 రోజులు. జనవరి 12న పుట్టిన బిడ్డకి ఫిబ్రవరి 23. అక్కణ్నించి 28 రోజులకొకటి: మార్చి 23, ఏప్రిల్ 20, లీపు సంవత్సరం కాకపోతే. తొమ్మిది నెలల టీకా 9 నెలలు నిండాక, అంటే అక్టోబర్ 12 నుంచి. తొమ్మిదో నెల పడగానే తీసుకొచ్చే తల్లులున్నారు, వాళ్లని ఉత్తినే తిప్పి పంపకుండా సరైన తేదీ రాసివ్వాలి. తేదీ ఆదివారం పడితే సోమవారం రాయండి, శనివారం రాస్తే 28 రోజులు నిండవు. మంగళవారం సూది వద్దనే ఇల్లయితే బుధవారం రాసివ్వండి. వాదించి సాధించేది లేదు.

ఇంజక్షన్ అయ్యాక సిస్టర్ నాలుగు మాటలు చెప్పాలి: ఈ రోజు వేసిన టీకా ఏ జబ్బు రాకుండా కాపాడుతుంది, ఏ చిన్న ఇబ్బందులు రావచ్చు (వస్తే ఏం చేయాలి), మళ్లీ ఎప్పుడు ఎక్కడికి రావాలి, కార్డు భద్రంగా ఉంచి తీసుకురావాలి. ప్రభుత్వ శిక్షణలో ఏఎన్ఎంలకి నేర్పేవి కూడా ఇవే నాలుగు. జ్వరం సంగతి ముందే చెప్పకపోతే పెంటా వేసిన రాత్రి ఇంట్లో అందరూ హడలిపోతారు, రెండో డోసుకి నాయనమ్మ అడ్డం పడుతుంది. బీసీజీ అయితే కొన్ని వారాలకి చిన్న పొక్కు లేచి, పుండై, మచ్చ పడుతుందని, దానికి పసుపు గానీ ఆయింట్‌మెంట్ గానీ రాయొద్దని చెప్పాలి.

కోల్డ్‌చైన్_మెకానిక్

పైన సిస్టర్‌గారు చెప్పినవన్నీ చేసి, ఫ్రిజ్ సరిగా లేకపోతే బూడిదలో పోసిన పన్నీరే. ప్రైవేటు క్లినిక్‌లలో కనబడే తప్పులు చెప్తాను.

ఇంట్లో వాడే సింగిల్ డోర్ ఫ్రిజ్. పైన ఫ్రీజర్‌కి ఆనుకుని వైల్స్ (టీకా సీసాలు). డోర్‌లో చుక్కల మందు. కింద స్టాఫ్ టిఫిన్ డబ్బాలు. ఇందులో వేడికంటే చలి ఎక్కువ ప్రమాదం. పెంటా, హెక్సా, హెపటైటిస్-బి, డీపీటీ, టీడీ, పీసీవీ ఇవన్నీ గడ్డకడితే పాడైపోతాయి, కరిగాక చూస్తే తేడా తెలియదు. వైల్ మీద ఉండే వీవీఎం అనే రంగు గుర్తు వేడి తగిలిందో లేదో చెప్తుంది గానీ గడ్డకట్టిందో లేదో చెప్పదు. లోపలి చతురస్రం బయటి వలయం కంటే లేత రంగులో ఉంటే వాడొచ్చు. రంగు సమానమైనా, ముదిరినా పారేయాలి.

అనుమానం వస్తే షేక్ టెస్టు. అదే కంపెనీ, అదే బ్యాచ్ వైల్ ఒకటి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించి, కరగనివ్వండి. దాన్నీ అనుమానం ఉన్నదాన్నీ కలిపి కుదిపి పక్కపక్కన బల్ల మీద ఉంచండి. గడ్డకట్టించినదాంట్లో తెల్లటి మడ్డి తొందరగా అడుక్కి దిగుతుంది. రెండోదాంట్లోనూ అంతే వేగంగా దిగితే అది వాడకూడదు. టెస్టుకి వాడిన వైల్ మీద మార్కర్‌తో పెద్ద గుర్తు పెట్టి వేరే ఉంచండి, పొరపాటున ట్రేలోకి వెళ్తుంది. వైల్ మీద వీవీఎం ఉండి, అది ముదిరిందంటే షేక్ టెస్టు దాకా పోనక్కర్లేదు.

చేయాల్సింది: టీకాలకి వేరే ఫ్రిజ్. కొనగలిగితే టీకాల కోసమే తయారైన మెడికల్ ఫ్రిజ్ మంచిది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య. వైల్స్ మధ్య అరలో, చిల్లులున్న ట్రేలో, గోడకి ఆనకుండా. డోర్‌లోనూ అడుగునా నీళ్ల సీసాలు నింపి పెడితే కరెంటు పోయినప్పుడు చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ ఒకటి. పొద్దున తెరవగానే, సాయంత్రం మూసేముందు రెండు అంకెలూ చార్టులో రాసి, ఫొటో గ్రూపులో పెట్టాలి. ఫొటో ఎందుకంటే, చార్టు మాత్రమే అయితే నెలాఖరున ఒకే పెన్నుతో 30 రోజులూ 4, 5, 4, 5 అని నింపేస్తారు.

అంకె గీత దాటితే ఆ వైల్స్ వాడొద్దు, పారేయనూ వద్దు. “వాడొద్దు” అని చీటీ కట్టి, 2 నుంచి 8లోనే వేరే డబ్బాలో ఉంచి, ఎంతసేపు ఎంత ఉష్ణోగ్రత ఉందో రాసి డాక్టరుగారికి చెప్పాలి. తేల్చేది ఆయన.

కలిపి వేసే టీకాలు, బీసీజీ, ఎంఆర్ లాంటివి: ఆ టీకాతో వచ్చిన డైల్యూయెంట్‌నే (కలిపే ద్రవాన్నే) వాడాలి, దాన్ని కూడా ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టాలి. కలిపిన టైము వైల్ మీద రాయాలి. 4 గంటలు దాటితే ఎన్ని డోసులు మిగిలినా పారేయాల్సిందే. వాటిలో సూక్ష్మజీవులు పెరిగి పిల్లల ప్రాణాల మీదకి వస్తుంది. పెంటా, డీపీటీ, హెపటైటిస్-బి లాంటి మల్టీడోసు వైల్స్‌ని ప్రభుత్వ ఓపెన్ వైల్ పాలసీ కింద తెరిచిన రోజు నుంచి 28 రోజుల దాకా వాడొచ్చు, తెరిచిన తేదీ రాసి ఉంటే, వీవీఎం బాగుంటే. తేదీ రాయని తెరిచిన వైల్ కనబడితే చెత్తబుట్టే.

రిటైర్డ్_హెల్త్_సూపర్‌వైజర్

మీరు రాయని కారణం ఒకటుంది, డబ్బు. ప్రైవేటులో హెక్సా, పీసీవీ, రోటా కలిపి ఒక్కో రాకకీ వేలల్లో అవుతుంది. మొదటిసారి తాతయ్యలు ఇస్తారు. రెండోసారి అప్పు చేస్తారు. మూడోసారి రారు. ఎందుకు రాలేదంటే సిగ్గుపడి చెప్పరు, ఫోనూ ఎత్తరు. మీ అమ్మాయిలకి మొట్టమొదట ఈ మాట నేర్పండి: “ఇక్కడే వేయించాలని లేదమ్మా. మీ ఊళ్లో సబ్‌సెంటర్లో ఉచితంగా వేస్తారు, అదీ మంచిదే. వేయించి కార్డు మీద రాయించుకుని రండి.” మొదటి డోసు మీ దగ్గర హెక్సా, తర్వాతవి అక్కడ పెంటా అయినా వరస తెగదు. దీనికి మీ డాక్టరుగారు ఒప్పుకోకపోతే ట్రైనింగ్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

దానికి తగ్గట్టు మీ ఫైల్లో “బయట వేయించినవి” అని ఒక గడి ఉండాలి. టీకా పేరు, తేదీ, ఊరు. లేకపోతే టీకా పడిన బిడ్డని కూడా పడనట్టు లెక్కేస్తారు. యూ-విన్‌లో (ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ నమోదులో) ఉన్న బిడ్డ అయితే తల్లి తన ఫోన్ నంబరుతో సర్టిఫికెట్ దింపుకోవచ్చు, అది చూపించమనండి. నోటిమాట మీద “అన్నీ అయిపోయాయండీ” అంటే మాత్రం రాసుకోవద్దు.

రానివాళ్లని పట్టుకోడానికి కంప్యూటరే అక్కర్లేదు. అంగన్‌వాడీల్లో టిక్లర్ బ్యాగు ఉంటుంది, గుడ్డ సంచీకి నెలకొకటి చొప్పున 12 జేబులు, టీకాలు పూర్తయినవాళ్లకి ఒకటి, ఊరు వదిలినవాళ్లకీ చనిపోయినవాళ్లకీ ఒకటి. కార్డు రెండో ముక్కని తర్వాతి టీకా ఏ నెలలో ఉందో ఆ జేబులో వేస్తారు. టీకా వేయగానే తర్వాతి నెల జేబులోకి మారుస్తారు. నెల చివర ఆ జేబులో మిగిలినవే రానివాళ్ల జాబితా. క్లినిక్‌లో అయితే చిన్న అట్టపెట్టె, 12 అట్టముక్కలు, తలా ఒక చీటీ సరిపోతాయి.

ఫోన్లు వారంలో ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే గంట. ఖాళీ దొరికినప్పుడు చేద్దామంటే ఎప్పటికీ కాదు. మీ వైపు పత్తి తీతలు, మిర్చి కోతలు ఉన్న నెలల్లో పగలు చేస్తే ఎవరూ ఎత్తరు, రాత్రి ఏడు తర్వాత చేయండి. టీకాకి ముందు వచ్చే ఫోన్ల రోజున ఒకసారి, రాకపోతే వారం తర్వాత ఒకసారి, ఆపైన ఇంకోసారి. మూడుసార్లకీ రాకపోతే తల్లిదండ్రుల అనుమతితో ఆ ఊరి ఏఎన్ఎంకో ఆశాకో చెప్పండి. బిడ్డ పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఏ టీకా బాకీ, అంతవరకే. మన దగ్గర టీకాలు ఎక్కువగా బుధ, శనివారాల్లో వేస్తారు కాబట్టి మంగళవారం లోపు చెప్తే ఆ వారమే పడుతుంది.

ప్రతి ఫోనుకీ ఫలితం రాయాలి: వస్తామన్నారు, బయట వేయించారు, ఊరు మారారు, నంబరు పలకలేదు, వద్దన్నారు. “వద్దన్నారు” ఉన్నవాళ్లతో రిసెప్షన్ అమ్మాయి మాట్లాడొద్దు, డాక్టరుగారే మాట్లాడాలి.

అన్నట్టు, మిర్చి కోతలకి కర్నూలు వైపు నుంచి వచ్చే కూలీల పిల్లలు మీ క్లినిక్‌కి వస్తే, మీ ఊళ్లో వేయించుకోండి అని పంపించేయకండి. కార్డు ఎక్కడిదైనా బాకీ ఉన్నది వేయడమే, లేదా దగ్గరి సబ్‌సెంటర్‌కి చీటీ రాసివ్వడమే.

పల్నాటి_క్లినిక్_ఆఫీసు

చాలా థ్యాంక్సండీ. డబ్బు సంగతి డాక్టరుగారితో మాట్లాడతాను. రెండు అనుమానాలు. ఒకటి, 11 నెలల బిడ్డకి రోటా-3 వేయొచ్చా? మా డాక్టరుగారు 8 నెలలు దాటితే రోటా ఇవ్వరు. రెండు, రిసెప్షన్ అమ్మాయిలు ఏడాది తిరక్కుండానే మారిపోతుంటారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పాలా?

డాలస్_ఫ్రంట్_డెస్క్

ఇక్కడ ఒక పీడియాట్రిక్ ఆఫీసులో ఫ్రంట్ డెస్క్‌కీ మెడికల్ అసిస్టెంట్లకీ శిక్షణ ఇస్తుంటాను. పద్ధతులు వేరు, ఇబ్బందులు మాత్రం చాలావరకు ఇవే. అక్కడా పనికొచ్చేవి రెండు మూడు చెప్తాను.

స్టాండింగ్ ఆర్డర్ అని ఉంటుంది. ఏ వయసుకి ఏ టీకా, కనీస ఎడం ఎంత, ఎవరికి ఆపాలి అన్నది డాక్టరు రాసి సంతకం పెట్టిన కాగితం. అది ఉంటే నర్సు ప్రతి బిడ్డకీ విడిగా అడగకుండా టీకా సిద్ధం చేస్తుంది. మీ దగ్గర డాక్టరుగారు ఒక్కరే కాబట్టి ఓపీ రద్దీలో టీకా వెనక్కి పోవడానికి అదే కారణం కావచ్చు. ఆయనచేత ఒక పేజీ రాయించి సంతకం చేయించండి. వేసేముందు ఆయన ఒక్కసారి ఫైలు చూసి తలూపితే సరిపోయేలా పెట్టుకోవచ్చు. రోటా లాంటి తేడాలూ ఆ కాగితంతోనే తీరిపోతాయి.

రెండోది మాట తీరు. “ఈ రోజు టీకాలు వేయించుకుంటారా?” అనొద్దు. “ఈ రోజు బాబుకి రెండు సూదులు, చుక్కలు ఉన్నాయండి” అనాలి. 2013లో అమెరికాలో డాక్టర్ల గదుల్లో వీడియో తీసి చేసిన ఒక అధ్యయనంలో, అడిగినట్టు మొదలుపెట్టినప్పుడు తల్లిదండ్రులు వద్దనడం చాలా ఎక్కువగా, చెప్పినట్టు మొదలుపెట్టినప్పుడు తక్కువగా కనిపించింది. అనుమానం ఉన్నవాళ్లు ఎలాగూ అడుగుతారు, అప్పుడు ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఈ మాటను అద్దం ముందు కాదు, ఒకరు తల్లిగా ఒకరు సిస్టర్‌గా కూర్చుని అలవాటు చేయించాలి.

ఇక్కణ్నించి సెలవులకి వచ్చే పిల్లల కార్డులు చూసి మీ వాళ్లు తికమకపడొచ్చు. ఇక్కడ బీసీజీ వేయరు, చుక్కల పోలియో ఉండదు, సూదిమందే. ఎంఎంఆర్ మొదటి డోసు 12 నెలలకి. ఇండియా ప్రయాణం ఉంటే 6 నుంచి 11 నెలల్లో ముందుగా ఒకటి వేస్తారు గానీ, అది రెండు డోసుల లెక్కలోకి రాదు. అటునుంచి ఇటు వచ్చేవాళ్లకీ అంతే: తొమ్మిది నెలల ఎంఆర్ ఇక్కడ లెక్కకి రాదు, పైగా అందులో గవదబిళ్లల టీకా ఉండదు. 2016 ఏప్రిల్ నుంచి వేసిన చుక్కల పోలియోని కూడా ఇక్కడ లెక్కించరు. అమెరికా వెళ్లే కుటుంబమని తెలిస్తే కార్డులో తేదీలన్నీ రోజు, నెల, సంవత్సరంతో స్పష్టంగా, నెలని అక్షరాల్లో రాసివ్వండి. 05/06 అని రాస్తే ఇక్కడ మే 6 అనుకుంటారు.

సిస్టర్_ట్యూటర్

రోటా సంగతి: నేను ఇచ్చిన జవాబు ప్రభుత్వ పట్టికది. అందులో మొదటి డోసు ఏడాది లోపు పడితే మిగతావి పూర్తి చేస్తారు. ఐఏపీ (పిల్లల డాక్టర్ల సంఘం) పట్టిక పాటించే డాక్టర్లు చాలామంది మొదటిది 15 వారాల లోపు, చివరిది 8 నెలల లోపు అంటారు. మీ క్లినిక్‌లో మీ డాక్టరుగారి మాటే. ఆ డోసు మాని మిగతావన్నీ వేయండి. “రోటా దాటిపోయింది కాబట్టి ఈ రోజు ఏమీ వద్దు” అనే పరిస్థితి మాత్రం రాకూడదు.

మారిపోయే అమ్మాయిల గురించి. శిక్షణని మనుషుల్లో కాదు, కాగితంలో పెట్టండి. లామినేట్ చేసిన ఒక్క పేజీ కౌంటర్ మీద ఉండాలి. టోకెన్ ముందు కార్డు, రెండు ఫోన్ నంబర్లు, తల్లి పేరుతో వెతకడం, ఎర్ర క్లిప్పు, వెనక్కి పంపకూడదనే నియమం, ఉచిత టీకా గురించి చెప్పాల్సిన మాట. అంతే. కొత్తమ్మాయి మూడు రోజులు పాత అమ్మాయి పక్కన కూర్చుని క్లిప్పులు పెట్టాలి. పది కార్డుల్లో ఎనిమిదింటికి క్లిప్పు పెట్టాలో వద్దో సరిగ్గా చెప్పగలిగాకే కౌంటర్ అప్పగించాలి.

మిగతాదంతా వారానికి ఇరవై నిమిషాలు, ఓపీ మొదలయ్యేముందు. మొదటి వారం లెక్క చూపించండి, ఆ ఎర్ర చుక్కలు వాళ్ల కళ్లతో చూడాలి. రెండో వారం కార్డు, క్లిప్పు. మూడు, నాలుగు వారాలు కార్డు పరీక్షలు, వీటికి కావాలంటే ఇంకో వారం పొడిగించండి, అసలు పని ఇక్కడే ఉంది. అయిదో వారం ఫ్రిజ్. ఆరో వారం టీకా తర్వాత 30 నిమిషాలు కూర్చోబెట్టడం, ఎలర్జీ వస్తే ఏం చేయాలో ప్రాక్టీసు: అడ్రినలిన్ 1:1000 కిలో బరువుకి 0.01 మి.లీ. చొప్పున తొడ కండకి, ఆ ఆంప్యూల్ ఏ డ్రాయర్లో ఉందో, గడువు ఎప్పుడో అందరికీ తెలియాలి. బిడ్డ బరువు ఫైలు మీద రాసి ఉండాలి, ఆ క్షణంలో తూచే టైము ఉండదు.

స్టాఫ్‌కి టీకాకి ఇంత అని కమీషన్ ఇద్దామనే ఆలోచన వస్తే మానుకోండి. ఖరీదైన టీకాలే వేయిస్తారు, సబ్‌సెంటర్‌కి పంపడం ఆగిపోతుంది.

మూడు నెలల తర్వాత అదే పద్ధతిలో మళ్లీ లెక్కేయండి. ఏడాదిన్నర బూస్టర్ అంకె అప్పటికి పెద్దగా కదలదు, ఆ పిల్లలు ఇంకా ఆ వయసుకి రాలేదు. ముందు కదలాల్సింది ఎర్ర చుక్కల సంఖ్య, ఈ మూడు నెలల్లో జబ్బు చేసి వచ్చిన పిల్లల ఫైళ్లు 50 తీసి అది చూడండి. ఫైళ్లు తీసే పని మాత్రం మందుల కౌంటర్ అబ్బాయికి అప్పజెప్పండి. రిసెప్షన్ వాళ్లే తీస్తే చుక్కలు ఉన్న ఫైళ్లు దొరకవు.